పేరు పిలిచేవాళ్లు

సెలవు మీద ఊరికొచ్చిన జవానును మన ఊళ్లలో చాలామంది మొదట అడిగేది "ఎట్లా ఉన్నావురా?" అని కాదు. "కోటా ఏమన్నా తెచ్చావా?" అని. కోటా అంటే క్యాంటీన్ సీసా. మేనమామ మొదలుకొని, ఏడాది పొడుగునా పలకరించని ఎదురింటాయన దాకా ఆ నాలుగు రోజులూ అతను అందరికీ కావలసినవాడే. లేహ్‌లోనో తవాంగ్‌లోనో చలికి పగిలిన పెదాలు ఇంకా మానలేదు. ఇక్కడ మాత్రం మాటలు రమ్ముతో మొదలై రమ్ముతోనే ముగుస్తాయి. లేదన్నాడా, "మిలిటరీ వాడికి ఇక మనం ఆనతామా" అని ఒక విరుపు.

పెళ్లి సంబంధాల దగ్గర ఇంకో వేషం. పంద్రాగస్టుకు ఫోన్‌లో జెండా పెట్టుకున్న పెద్దమనిషే, మధ్యవర్తి వచ్చి "కుర్రాడు ఆర్మీలో" అనగానే "మంచిదేగానీ, ఏ బ్యాంకు ఉద్యోగమో అయితే చూద్దాం" అంటాడు. దీన్ని ఉత్త కపటమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో ఆడపిల్ల తల్లి భయపడుతోంది. సైనికుడి ఉద్యోగం ఎంత ఖరీదైనదో వేదికెక్కి ఉపన్యసించేవాడికన్నా ఆమెకే బాగా తెలుసు. కాకపోతే ఆ ఖరీదు ఎవరో ఒక తల్లి కొడుకు కడుతూనే ఉన్నాడు. అతనికి మనం ఏం చేస్తున్నామన్నదే నన్ను తొలిచే సంగతి.

గుంపుగా చేయాల్సింది మనం బాగానే చేస్తాం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ పటాలం కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు చనిపోయినప్పుడు ఆయన సొంతూరు సూర్యాపేట వీధుల్లోకి వచ్చింది. కరోనా రోజులవి. పక్కింట్లో చావుకు వెళ్లాలన్నా జంకిన కాలం. అయినా జనం ముఖాలకు గుడ్డలు కట్టుకుని వచ్చి పూలు చల్లారు. తర్వాత ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు, ఊళ్లో విగ్రహం పెట్టారు. ఆ జనం కన్నీళ్లు నిజమైనవే. అయితే ఆ రాత్రి అక్కడ పోయింది 20 మంది. మిగతా పందొమ్మిది మందిలో మూడు పేర్లు చెప్పమంటే మన దేశభక్తి సభల్లో ఎన్ని చేతులు లేస్తాయి? వాళ్లకూ ఊళ్లున్నాయి. ఆ ఊళ్లవాళ్లూ వీధుల్లోకి వచ్చే ఉంటారు. పూలు చల్లడం ఒక్కపూట పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి మిగిలిపోయే పని ఇంకొకటుంది. దాన్ని చేసేవాళ్లు వేరే ఉంటారు, మన కంటికి తొందరగా ఆనరు.

నేను తరచూ వెళ్లే దారిలో ఒక ఊరి మలుపు దగ్గర సిమెంటు జవాను నిలబడి ఉంటాడు. కార్గిల్ తర్వాత మన జిల్లాల్లో ఇలాంటి విగ్రహాలు చాలా లేచాయి. చేసినతను అసలు మనిషిని చూడలేదు, పాస్‌పోర్టు ఫోటో చూసి చేశాడు. అందుకే ముఖంలో కాస్త సినిమా హీరో పోలిక. మీసం మాత్రం నిజందేనంటారు. తుపాకి గొట్టం చివర సిమెంటు రాలిపోయి లోపలి ఇనప చువ్వ బయటపడింది. టోపీ కాకులది. జనవరి 26కూ ఆగస్టు 15కూ దండ పడుతుంది. ఆ దండ వాడి, ఎండి, దారం మిగిలేదాకా మెడలోనే ఉంటుంది. ఆ దారం కోసి పారేసి, బిందెతో నీళ్లు తెచ్చి, కొబ్బరిపీచుతో రెట్ట గీకి కడిగేది మాత్రం ఆ కుర్రాడి వదినగారు. ఒకసారి ఆమె కడుగుతుండగా బండి ఆపాను. దేవుడి బొమ్మను కడుగుతున్నట్టు లేదు, పండగపూట పిల్లాడికి తలంటుతున్నట్టుంది. చెవుల వెనక కూడా తోమింది. ఎవరికీ ఏమీ కాని నేను అంతసేపు చూడటం ఆమెకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. "మా మరిది, మహా శుభ్రం మనిషి" అని, నేను అడక్కుండానే, సంజాయిషీలా చెప్పి మళ్లీ బిందె ఎత్తింది. దండ వేసినవాళ్ల ఫోటోలు పేపర్లో వస్తాయి. తీసినామెకు ఫోటో లేదు, ఆమె అడగనూ లేదు.

ఈ పని మన నేలకు కొత్తదేమీ కాదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద, పాడుబడ్డ గుళ్ల పక్కన వీరగల్లులు కనిపిస్తాయి. చాలావాటి మీద మూడు గడులుంటాయి. కింది గడిలో కత్తి దూసిన మనిషి, ఎదురుగా శత్రువు. మధ్య గడిలో అతన్ని చెరోపక్కన పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పై గడిలో శివలింగం ముందు చేతులు జోడించి కూర్చున్నదీ అతనే. వీళ్లలో రాజులు తక్కువ. పొరుగు దండు వచ్చి ఊరి ఆవుల మందను తోలుకుపోతుంటే అడ్డం నిలబడి చచ్చినవాడు, ఊరి మీద పడ్డ పులితో కలబడ్డవాడు, ఎవరో దొర కోసం కత్తి పట్టిన మామూలు బంటు. రాజు తన గొప్పను తానే చెక్కించుకోగలడు. ఈ బంటు కోసం మాత్రం వెనక మిగిలిన వేరెవరో పూనుకుని రాయి తెచ్చి, ఉలి వేయించి, నిలబెట్టాలి.

రాయితో సరిపెట్టలేదు కూడా. పోరులో పోయినవాడి వారసులకు భూమి ఇచ్చేవారు, దాన్ని రక్తమాన్యం అనేవారు. గట్లూ హద్దులూ ఉన్న కృతజ్ఞత అది, విత్తనం వేస్తే మొలిచేది. మాటలు ఎంత అందంగా ఉన్నా చనిపోయినవాడి ఇంట్లో పొయ్యి వెలిగించలేవని మన పాతవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ రాళ్లలో కొన్నిటికి పసుపు పూసి, అమ్మవారనో వీరభద్రుడనో మొక్కుతున్నారు. కొన్నిటి మీద బట్టలు ఉతుకుతున్నారు. ఎవరికోసం నిలబెట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు.

పేరు పోకుండా పట్టుకున్న చోటు ఒకటుంది. పల్నాడులో కారంపూడి. అక్కడ పల్నాటి యుద్ధం జరిగింది 12వ శతాబ్దం చివర. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు ఆ ఊళ్లో ఆ యుద్ధం మళ్లీ నడుస్తుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరాచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో కొణతాలు పట్టుకుని వస్తారు. కొణతాలంటే వీరుల ఆయుధాలు. ఏడాదంతా అవి ఆయా ఇళ్లలో పూజలో ఉంటాయి. నాగులేటిలో గంగధారి మడుగు దగ్గర వాటికి స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, వీర్ల గుడికి తీసుకొస్తారు. బ్రహ్మనాయుడి నృసింహకుంతం, కన్నమదాసు భైరవఖడ్గం అని జనం వేళ్లతో చూపించి పిల్లలకు చెబుతుంటారు.

నేను వెళ్లిన ఏడాది గుడి అరుగు మీద ఒకాయన పక్కన చోటు దొరికింది. పాలిస్టర్ చొక్కా, జేబులో సెల్‌ఫోను, ఒళ్లో ఎర్రగుడ్డ చుట్టిన కొణతం. మిగతా రోజుల్లో ఏం చేస్తారంటే "మిరప చేలల్లో కూలికి పోతాం" అన్నాడు. ఈ ఆయుధం ఎవరిదని అడిగాను. తడుముకోలేదు. వీరుడి పేరు చెప్పాడు, ఎవరి బిడ్డో చెప్పాడు, ఎవరి చేతిలో ఎట్లా ఒరిగాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. మాటవరసకు ఆయన ముత్తాత పేరు అడిగాను. కాసేపు ఆలోచించాడు. "మా నాయన్ని అడగాల" అని నవ్వాడు. తన వంశంలో మూడు తరాల వెనక ఎవరున్నారో గుర్తులేదుగానీ ఎనిమిది వందల ఏళ్ల కిందట చచ్చిపోయినవాడు మాత్రం ఆయనకు నిన్న మొన్న పోయిన చుట్టం. ఆ ఊరి లెక్కలో పల్నాటి వీరులు 66 మంది. మనం శ్రీనాథుడి పేరున ఉన్న వీరచరిత్రను పాఠంగా చదువుకుని పరీక్ష రాసి మర్చిపోయాం. వాళ్లు మోసుకు తిరుగుతున్నారు.

మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం అడక్కుండా అందరూ ఒక్క చాప మీద కూర్చుని తినడం. కన్నమదాసు మాలవాడు, బ్రహ్మనాయుడు కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడని కథ. ఊరు ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ చాప ఎంతమేరకు పరుస్తుందో నాకు అనుమానమే. పోయినవాళ్ల పేరు చెప్పుకునే రోజునైనా పరుస్తోంది. అంతమాత్రానికే సంతోషించాను.

ఆ యుద్ధం సంగతి చూస్తే గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు. గురజాల వాళ్లకూ మాచర్ల వాళ్లకూ దాయాదుల తగువు. కోడిపందెం, పందెంలో ఓడితే వలస, రాయబారానికి వెళ్లిన అలరాజుకు విషం, చివరికి పల్నాడంతా వల్లకాడు. గెలిచినవాళ్లకు దక్కిందీ లేదు. కారంపూడి వచ్చేవాళ్లకు ఇది తెలియక కాదు. రాత్రుళ్లు వీరవిద్యావంతులు పాడేది ఇదే కథ. తెలిసే మొక్కుతారు. యుద్ధం తప్పా ఒప్పా అని తేల్చడం వేరు, పొమ్మంటే పోయి నిలబడినవాడికి మనం పడ్డ బాకీ వేరు. మొదటిదాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. వాదన తేలలేదన్న వంకతో రెండోదాన్ని ఎగ్గొట్టకూడదు. చదువుకున్న మనం ఈ రెండిటినీ కలిపేసి చాలాసార్లు చేతులు దులుపుకున్నాం.

మొదటి ప్రపంచ యుద్ధాన్నే తీసుకోండి. 70 వేలకు పైగా భారత సైనికులు పోయారు. ఆ యుద్ధం మనది కాదు. పంపినవాడు పరాయివాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనగానే మనకు నెహ్రూ ఉన్న భవనం గుర్తొస్తుందిగానీ, ఆ మూడు మూర్తులూ ఎవరివో గుర్తురాదు. హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల గుర్రపు సైనికులకు గుర్తుగా 1922లో పెట్టినవి అవి. ఆ మూడు దళాలూ పశ్చిమాసియాలో ఒకే బ్రిగేడులో ఉండి పోరాడాయి. 1918 సెప్టెంబరు 23న ఆ బ్రిగేడులోని జోధ్‌పూర్, మైసూరు రౌతులు బల్లేలతో మరతుపాకుల మీదికి దూకి హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. హైఫా నగరం ఇప్పటికీ వాళ్లను తలుచుకుంటుంది. ట్యాంక్‌బండ్ మీద నడిచే హైదరాబాదీని ఆపి తీన్‌మూర్తిలో మనవాడొకడున్నాడంటే "అవునా!" అంటాడు. ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. తల పైకెత్తి ఒక్క పేరన్నా కూడబలుక్కుని చదివే ఓపిక, కింద ఐస్‌క్రీమ్ చేత పట్టుకున్నవాడికి ఎక్కడిది? స్వాతంత్ర్యం కోసం కొట్లాడుతున్న దేశంలో తెల్లదొర తరఫున పోరాడి చచ్చినవాణ్ణి ఏమనాలో ఎవరికీ పాలుపోలేదు. అందుకని ఏమీ అనలేదు.

ఏమనాలో తెలిసిన ఊరు తాడేపల్లిగూడెం దగ్గర ఉంది. మాధవరం అంటే ఎవరికీ తెలియకపోవచ్చు, మిలిటరీ మాధవరం అంటే పశ్చిమ గోదావరిలో అందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని ఆ ఊరు చెప్పుకుంటుంది. ఊళ్లో అమరుల స్మారకం ఉంది. ఇప్పటికీ పటాలంలో మనిషి లేని ఇల్లు అక్కడ అరుదు. బ్రిటిషువాడి జీతం తిన్నాడు కదా అన్న మీమాంస వాళ్లకు లేదు. వాళ్లకు అతను తాత. తాత యుద్ధానికి వెళ్లాడు, రాలేదు. మీమాంసలు చరిత్ర పుస్తకాలకు వదిలేసి వాళ్లు దీపం పెడతారు.

పోనీ, అది పరాయి పాలన అనుకుందాం. మన ప్రభుత్వమే పంపిన యుద్ధం మాటేమిటి? 1987లో శాంతి స్థాపన కోసమని శ్రీలంకకు సైన్యాన్ని పంపాం. అక్కడి ఏ తమిళులకు రక్షణగా వెళ్లారో, వాళ్ల తరఫు పోరాటకారులతోనే పోరాడాల్సి వచ్చింది. సుమారు పన్నెండువందల మంది తిరిగి రాలేదు. 1990 మార్చిలో ఆఖరి బృందం మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆయనకు ఆయన కారణాలున్నాయి, తమిళుల ప్రాణాలు పోయాయన్న బాధ అబద్ధమూ కాదు. కానీ ఆ ఓడ దిగుతున్న సిపాయి ఆ విధానాన్ని తయారు చేయలేదు. అందులో చచ్చినవాళ్ల కోసం శ్రీలంకే శ్రీజయవర్ధనపుర కోట్టేలో పెద్ద స్మారకం కట్టింది. మన దేశంలో మాత్రం అదో మాట్లాడకూడని యుద్ధంగా చాలాకాలం ఉండిపోయింది.

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే శ్రీకాకుళం పెద్దాయన ఆ యుద్ధం నుంచి వచ్చినవాడు. మేమందరం ఆయన్ని "సెక్యూరిటీ" అంటాం. హవల్దారుగా రిటైరయ్యాడని మాలో తెలిసింది కొద్దిమందికే. నాకూ ఆయన ట్రంకుపెట్టె వల్ల తెలిసింది. గేటు పక్క గదిలో మంచం కింద నల్ల ఇనప పెట్టె, దాని మీద తెల్లరంగుతో నంబరు, హోదా, పేరు. రంగు చాలాచోట్ల పోయింది, నంబరు మాత్రం మళ్లీ దిద్దినట్టు స్పష్టంగా ఉంది. జాఫ్నా గురించి అడిగితే ఆయన యుద్ధం చెప్పడు. కొబ్బరి తోటల గురించి చెబుతాడు. "మన ఉద్దానం లాగే ఉంటాది బాబూ. అలాటి చోట తుపాకీ పట్టుకుని పాకడం ఏటో సిగ్గుగా ఉండేది." తిరిగి వచ్చిన రోజు గురించి అడిగాను. "రాత్రిపూట దిగినాం. రైల్వే వారెంటు చేతిలో పెట్టినారు. ఊరెళ్లి నాలుగు రోజులు పడుకున్నాను" అన్నాడు, అంతే. ఎవరూ రాలేదే అన్న నిష్ఠూరం ఆ గొంతులో లేదు. నిష్ఠూరమంతా నాదే.

పోయినవాణ్ణి గౌరవించడంలో సైనికులే మనకన్నా ఒక మెట్టు పైన ఉంటారని నాకు తరచూ అనిపిస్తుంది. కార్గిల్ పోరులో టైగర్ హిల్ దగ్గర పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది అతని పేరే, హోదా కాదు) ఆఖరిదాకా పోరాడి చనిపోయాడు. భారత బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా, ఈ అధికారి అసాధారణ ధైర్యంతో పోరాడాడని ఒక చీటీ రాసి, ఆ మృతదేహం జేబులో పెట్టి పంపించాడు. పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. ఆ యుద్ధంలోనే, తమవాళ్లు కాదని పాకిస్తాన్ తీసుకోని శవాలను మన సైన్యం ముస్లిం మత ఆచారం ప్రకారం ఖననం చేసింది. టీవీలో కూర్చుని రక్తం మరిగించే మనుషులకు ఇది అర్థం కావడం కష్టం. ఎదుటివాడూ ఒక హుకుం మీద వచ్చినవాడేనని, తుపాకీ పట్టుకున్నవాడికి తెలిసినట్టు తక్కినవాళ్లకు తెలియదు.

విశాఖ బీచ్‌రోడ్డు మీద సాయంత్రాలు కూర్చునేవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. ఏటా డిసెంబరు 4న నౌకాదళం అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతుంది. దానికి కొంచెం దూరంలో కురుసుర జలాంతర్గామి, లోపలికి వెళ్లే పిల్లల కేరింతలు, బయట బఠాణీలు, మసాలా మొక్కజొన్న. అదే సముద్రంలో, తీరానికి అట్టే దూరం కాని చోట, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా మనుషులతో అడుగున పడి ఉంది. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోపు మునిగింది. ఎట్లా మునిగిందన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, మనవాళ్లు సినిమా కూడా తీశారు. ఇటీవలి ఏళ్లలో లోతునీటి వాహనంతో ఆ శిథిలాన్ని చూసి వచ్చిన నౌకాదళం, అందులో ఉన్నవాళ్ల మీది గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. ఆ విషయం చదివిన తర్వాత ఆ బీచ్‌లో కూర్చున్నప్పుడు విజయ స్మారకానికి పెట్టే దణ్ణం నాకు ఇంకొంచెం లోపలి నుంచి వచ్చింది.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఏళ్లు దాటాక, ఆలస్యంగానైనా, ఒక మంచిపని సరిగ్గా చేశారు. త్యాగచక్రమనే వలయం గోడల్లో ఒక్కొక్కరికీ ఒక్కో గ్రానైటు పలక, 25 వేలకు పైగా పేర్లు. శ్రీలంకలో పోయినవాళ్లూ ఆ గోడల్లో ఉన్నారు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది సాయంత్రపు ఆనవాయితీ. పొద్దుగూకే వేళ ఒక అమరుడి కుటుంబం నుంచి ఒకరు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఆ పూట అది ఆ ఒక్కడి పూట. రోజుకొకరి చొప్పున లెక్క వేసి చూశాను, ఇప్పుడున్న పేర్లు ఒకసారి పూర్తవడానికే అరవై ఎనిమిదేళ్లకు పైగా పడుతుంది. అంటే ఈ పనిని మొదలుపెట్టినవాళ్లు ముగింపు చూడరు. ఎవరూ చూడకపోయినా ఫరవాలేదనుకుని వంతులవారీగా చేసుకుపోవడమే ఇందులో ఉన్న అందం. కారంపూడి అరుగు మీది మిరపచేల కూలీకి ఢిల్లీవాళ్లు కనీసం ఈ విషయంలో దగ్గరకొచ్చారు.

మనలాంటి మామూలు మనుషులకూ ఏడాదికో రోజు కేటాయించారు, డిసెంబరు 7. సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి ఉంది. బళ్లో చిన్న కాగితపు జెండా ఇచ్చేవారు, ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. డబ్బాలో రూపాయి వేస్తే చొక్కాకు గుండుసూదితో గుచ్చేవారు. సాయంత్రానికి ఆ జెండా ఏ కాలవలోనో తేలేది. ఆ డబ్బు మాజీ సైనికుల, చనిపోయినవాళ్ల కుటుంబాల సంక్షేమానికి పోతుందని మాకు ఎవరూ వివరంగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో రూపాయి వేసేవాళ్లమా అంటే, నిజంగా వేసేవాళ్లం. పిల్లలు లెక్కలు చూసుకోరు. ఇప్పుడు సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం మీద వాదోపవాదాలు వింటుంటే నాకు రక్తమాన్యం గుర్తొస్తుంది. నాలుగేళ్లు చేయించుకుని, నూటికి పాతిక మందినే ఉంచుకుని, మిగతావాళ్లను పంపేసే పద్ధతిలో సైన్యానికి ఏం లాభముందో నిపుణులు చెప్పాలి. నేను అడిగేది ఒక్కటే. పాతిక మందిలోకి రానివాడైనా, చచ్చేటప్పుడు అందరిలాగే చస్తాడు కదా. వాడి ఇంటి పొయ్యికి కొలత తక్కువెందుకుండాలి?

నవంబరులో మా హవల్దారు గారికి ఒక చిక్కు వచ్చింది. పింఛను ఆగకూడదంటే బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించాలి. వేలిముద్ర యంత్రం ఆయన వేళ్లను ఒప్పుకోలేదు. గీతలు అరిగిపోయాయి. రెండుచోట్లకు తిరిగి వచ్చి "నేను బతికున్నానంటే మిషనుకి నమ్మకం కుదరట్లేదు బాబూ" అన్నాడు. ముఖం చూపిస్తే చాలనే యాప్ ఉందని చెప్పి, ఆదివారం పొద్దున గేటు దగ్గరే నా ఫోన్ తీశాను. కెమెరా ముందుకు రమ్మనగానే ఆయన టోపీ సర్దుకుని, మడమలు కలిపి, గడ్డం ఎత్తి సావధాన్‌లో నిలబడిపోయాడు. ఫోన్ కళ్లు ఆర్పమంటోంది. ఆయన ఆర్పడు. సావధాన్‌లో ఉండగా కళ్లు ఆర్పడమేమిటన్నట్టు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఒకసారి విఫలం, మళ్లీ విఫలం. చివరికి "హవల్దారు గారూ, విశ్రామ్!" అని అరిచాను. నవ్వేశాడు. ఆ నవ్వులో రెప్పలు పడ్డాయి, పచ్చ టిక్కు వచ్చింది.

నేను ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండండి బాబూ. మా బ్యాచి వాడొకడు అక్కడే ఉండిపోయినాడు, జాఫ్నాలో. ఆడి పెళ్లాం విజయనగరంలో ఉంది. ఆవిడకీ ఏటా ఇదే గొడవ, మోకాళ్ల నొప్పులు, బ్యాంకు మెట్లు ఎక్కలేదు. నవంబరొస్తే నేనే ఫోన్ చేసి గుర్తు చేస్తుంటాను. ఇది ఆవిడ ముఖానికి కూడా పనికొస్తాదా?"

పనికొస్తుందన్నాను. ఆధార్ నంబరు, పింఛను కాగితం దగ్గర పెట్టుకోమని చెప్పాలన్నాను. ఆయన అప్పటికే తన బటన్ ఫోన్‌లో నంబరు నొక్కుతున్నాడు. "ఆవిడ మనవడి దగ్గర పెద్ద ఫోనుంది. కళ్లు ఆర్పాలని మాత్రం గట్టిగా చెప్పండి బాబూ, ఆవిడా నా లాగే నిలబడిపోతాది" అంటూ ఫోన్ నా చేతికిచ్చాడు.